ఓడ ఎక్కిన రోజు బఫే: బోర్డింగ్ నంబరు ముందుంటేనే భోజనం

ముంబైలో క్రూయిజ్ ఎక్కే రోజు మధ్యాహ్నం పెట్టే బఫే గురించి రాస్తున్నాను. ఓడ ఎంత పెద్దది, ఎన్ని అంతస్తులు, ఈతకొలను ఎక్కడ లాంటివి అందరూ వీడియోల్లో చూసేసి ఉంటారు, వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా ఇంటివాళ్లతో, చుట్టాలతో వెళ్తున్నాం కాబట్టి ఆ మొదటి పూట భోజనం సంగతి నాకు బాగా తెలుసు. దాని మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. కోపం వంట మీద కాదు. ఆ అన్నం ఎవరికి అందాలో, ఎవరికి అందకూడదో ఎవరు ఏ బ్యాచులో ఓడ ఎక్కాలో చెప్పే బోర్డింగ్ నంబరు తేల్చడం మీద.

మాది ధర్మాబాద్. నాందేడ్ జిల్లాలో, బాసరకు ఇవతల సరిహద్దు ఊరు. సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే ముంబై సీఎస్ఎంటీలో దిగుతాం. ముఖాలు కడుక్కుని, స్టేషన్ దగ్గర ఇడ్లీయో పోహానో తిని, ట్యాక్సీలో రేవుకు చేరతాం. ముంబైవాళ్లు ఇంట్లో తిని తీరిగ్గా వస్తారు. వాళ్లకు ఆ బఫే సరదా. మాకు ఆ రోజుకు అదొక్కటే భోజనం. ఇంట్లో వండినవి ఓడలోకి తీసుకెళ్లనివ్వరు కూడా. స్కానింగ్ దగ్గరే సద్ది డబ్బా పక్కన పెట్టించేస్తారు.

మొదటిసారి వెళ్లొచ్చాక ఈ బఫేని మా వీధిలో అందరికీ తెగ పొగిడాను. జైన భోజనానికి వేరే కౌంటర్, ఉల్లి వెల్లుల్లి లేని పప్పు, పొగలు కక్కే పావ్‌భాజీ, కిటికీ పక్క టేబులు. మా అత్తమ్మ శనివారం ఉల్లి వెల్లుల్లి ముట్టరు. బయట ఎక్కడికెళ్లినా పెరుగన్నంతో సరిపెట్టుకునే మనిషి, అక్కడ పప్పు మారు వేయించుకున్నారు. ఆ పప్పు, ఆ పావ్‌భాజీ ఇప్పటికీ బాగానే ఉంటున్నాయి. బిర్యానీ మాత్రం అప్పుడు ఆకలి మీద రుచిగా అనిపించిందేమో, తర్వాత తింటే మెతుకులు అతుక్కుని, మసాలా పైపైనే ఉంది. ధర్మాబాద్ మిర్చి తిని పెరిగిన నాలుకకు కూరలన్నీ చప్పగానే తగులుతాయి. పచ్చిమిరపకాయలు అడిగితే తెచ్చిస్తారు, కానీ అడగాలి. కిటికీ పక్క టేబులు ముందు ఎక్కినవాళ్లకే దక్కుతుంది.

శుభ్రత విషయంలో వంక పెట్టను. గుమ్మంలోనే సింకులుంటాయి. ఒకరు నిలబడి, చేతులు కడుక్కుంటేనే లోపలికి రానిస్తారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఓడల్లో ఇట్టే పాకుతుంది, అది శానిటైజర్‌కు సరిగ్గా లొంగదు, సబ్బుతో కడగాల్సిందే. ఎక్కిన రోజు గరిటె మన చేతికివ్వకుండా వాళ్లే వడ్డించేదీ అందుకే. లైను నత్తలా కదులుతోందని విసుక్కునేవాళ్లుంటారు. నాకైతే అదే బాగుంది.

జనం విషయం వేరు. ఆ పొద్దునే పాతవాళ్లు దిగిపోతారు. గదులు కడిగి, దుప్పట్లు మార్చి మనకిచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పటిదాకా ఎక్కినవాళ్లందరినీ బఫే అంతస్తుకే పంపుతారు. తినేసినవాళ్లు కూడా చేతిసంచులు కుర్చీల్లో పెట్టుకుని అక్కడే కూర్చుంటారు, వెళ్లడానికి గది లేదు మరి. ప్లేటు పట్టుకుని టేబులు కోసం తిరుగుతూనే ఉంటాం.

ఇక నాకు కోపం తెప్పించిన ఆ రోజు సంగతి. మా మామయ్యకు షుగర్. బోర్డింగ్ పాసు మీద పన్నెండున్నర అని రాసి ఉంది, నంబరేమో చివరి బ్యాచుల్లో పడింది. ఒంటిగంట దాటాక మైకులో మా నంబరు పిలిచారు. పది నిమిషాల్లో పైన కూర్చుంటామని మామయ్య భోజనానికి ముందు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్నారు. అది వేసుకున్నాక తిండి పడకపోతే షుగర్ దిగిపోతుంది. తీరా వరసలో నిలబడ్డాక, ఓడ మెట్ల దగ్గర ఆపేశారు. కంప్యూటర్ పనిచేయట్లేదని ఒకరు, పైన ఇంకా గదులు కాలేదని ఇంకొకరు. ఎవరినడిగినా "బస్, దస్ మినిట్". రెండయింది, రెండున్నరయింది. కుర్చీలన్నీ నిండిపోయాయి.

మా సద్ది డబ్బా స్కానింగ్ బల్ల కింద ఉంది. అందులో జొన్నరొట్టెలు, పల్లీల కారం, ఠేచా అనే పచ్చిమిర్చి పచ్చడి. మా ఆయన వెనక్కి వెళ్లి, "ఒక్క రొట్టె ఇవ్వండి, పెద్దాయన ఇక్కడే తినేస్తారు" అని హిందీలో, మరాఠీలో బతిమాలారు. తనిఖీ దాటాక ఇవ్వడానికి వీల్లేదన్నారు.

తిరిగి చూసేసరికి మామయ్య నుదుటి మీద చెమట. ఏసీ హాల్లో చెమట ఏంటని చేతుల వైపు చూశాను. పట్టుకున్న బోర్డింగ్ పాసు అంచు టపటపా కొట్టుకుంటోంది. "ఏం గాలేదు బిడ్డా, నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయ్" అన్నారు. మాట కూడా ముద్దగా వస్తోంది. ఎవరో కుర్చీ ఖాళీ చేశారు. నా సంచిలో గ్లూకోజ్ పొడి ఉంది కాబట్టి సరిపోయింది, నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకు ముఖంలోకి కళ వచ్చింది. కానీ గ్లూకోజ్ కాసేపే నిలబెడుతుంది, దాని మీద అన్నం పడాలి.

పైకి చేరేసరికి మూడున్నర దాటింది. బఫేలో మూతలు పెట్టేస్తున్నారు, స్టీలు ట్రేలు బండి మీదికెక్కుతున్నాయి. మైకులో సేఫ్టీ డ్రిల్లుకు, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పడానికి, రమ్మని పిలుపు. ఆ డ్రిల్లును నేను తప్పుపట్టను. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో డ్రిల్లు చేయించాలన్న అంతర్జాతీయ నిబంధన 2015 నుంచి అమల్లోకి వచ్చింది. వడ్డించేవాళ్లకూ అందులో డ్యూటీలుంటాయి, వంట కౌంటర్లు ఆపక తప్పదు. అదంతా సరే. కానీ ఓడవాళ్లనే అడుగుతున్నాను, ఆలస్యం మీ వైపు నుంచి జరిగింది, కింద ఇంకా ఇంతమంది తినకుండా నిలబడ్డారని మీకు తెలుసు. వాళ్ల కోసం ఒక ట్రే అన్నం, ఒక గిన్నె పప్పు పక్కన పెట్టడానికి ఏ నిబంధన అడ్డొచ్చింది?

పెట్టిన మనిషి ఒక్కడే, పెరుగు గిన్నెలు తీస్తున్న కుర్రాడు. మామయ్యను చూసి, ఏం అడగకుండానే కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. బండి మీదికెక్కిన ట్రే మూత తీసి అన్నం, దాని మీద పప్పు, పక్కన పెరుగు, రెండు అరటిపళ్లు తెచ్చాడు. సూపర్‌వైజర్ టైం అయిందని పిలుస్తుంటే, చేత్తోనే ఒక్క నిమిషం అని సైగ చేసి, మామయ్య నాలుగు ముద్దలు తినేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత లైఫ్ జాకెట్ వేసుకుంటూ పరిగెత్తాడు. మిగతా మేమంతా ఆ పూట పస్తే, సాయంత్రం టీ బిస్కెట్లు వచ్చేదాకా. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఆ అబ్బాయి గురించి పేజీ వెనక కూడా రాశాను. కంపెనీకి ఫిర్యాదు పంపితే క్షమాపణ మెయిల్ వచ్చింది. చివర్లో ఎక్కేవాళ్ల భోజనం ఏం చేస్తారన్నది మాత్రం అందులో లేదు.

ఆ తర్వాత కూడా వెళ్లాం, ఎందుకంటే సముద్రం మీద గడిపే రెండు పూటలూ మా ఇంట్లో అందరికీ ఇష్టం. వెబ్ చెక్-ఇన్ తెరిచిన రోజే కూర్చుని మొదటి స్లాటు పట్టుకుంటున్నాం. మామయ్యకు వీల్‌చైర్ సాయం ముందే రాయించాం, దానితో పెద్దవాళ్లను త్వరగా ఎక్కిస్తున్నారు. మాత్ర ప్లేటు ముందుకొచ్చాకే. సీలు తీయని చిక్కీ, బిస్కెట్ ప్యాకెట్లను స్కానింగ్‌లో ఆపలేదు, అవి చేతిసంచిలోనే. అలా వెళ్లినప్పుడు పన్నెండు దాటగానే పైన ఉన్నాం, కిటికీ పక్కనే కూర్చుని తీరిగ్గా తిన్నాం, పప్పు మళ్లీ బాగుంది.

మాలాగా రాత్రి రైలు దిగి, షుగర్ ఉన్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్ల లెక్కలో ఈ బఫేకి ఐదుకు మూడిస్తాను, అదీ మొదటి స్లాటు దొరికితేనే. వయసులో ఉన్నవాళ్లు, ముంబైలోనే ఉండేవాళ్లు నాలుగు ఇచ్చినా నేను కాదనను. వచ్చే చలికాలం మా ఆడపడుచు వాళ్లు వెళ్తామంటున్నారు. వాళ్లింట్లో ఎవరికీ షుగర్ లేదు, పిల్లలు పెద్దవాళ్లు. వెళ్లమనే చెప్పాను. మధ్యాహ్నం రెండు తర్వాత స్లాటు పడితే మాత్రం సీఎస్ఎంటీ దగ్గరే అన్నం తిని రేవుకు వెళ్లమన్నాను.