తరగతి బ్లాగు: ఆరేళ్లు వాడిన తర్వాత

2019 జూన్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లల కోసం గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఒక బ్లాగు తెరిచాను. రాయచోటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మొదలుపెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న టీచర్ల కోసం ఈ ఆరేళ్ల అనుభవం రాస్తున్నాను.

డబ్బు ఖర్చేమీ లేదు, అడ్రస్ కూడా ఉచితమే. పట్టేది టైమే. పిల్లలు నోటుబుక్కులో రాసి శుక్రవారం క్లాసులో చదువుతారు. శనివారం ఇద్దరు ముగ్గురు కంప్యూటర్ దగ్గర కూర్చుని లేఖినిలో (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే వెబ్‌సైట్) టైపు చేస్తారు, నేను తప్పులు చూసి పెడతాను. వారానికి రెండు గంటలు పోతాయి.

మొదటి మూడు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. తప్పు నాదే, పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు పెట్టించాను. అక్టోబరులో 'మా చేను' అని విషయం ఇచ్చాను. ఎప్పుడూ నాలుగు లైన్లు దాటని ఒకమ్మాయి చెనిక్కాయలు పీకే రోజు గురించి రాసింది. కువైట్‌లో ఉన్న వాళ్ల నాన్న డ్యూటీ దిగాక చదివి, "తల్లీ, గట్టు మీద వేపచెట్టు ఇంకా ఉందా?" అని కామెంటు పెట్టాడు. సోమవారం ఆ పిల్ల రెండు పేజీలు రాసుకొచ్చింది, అంతా ఆ చెట్టు గురించే. మా వైపు చాలా ఇళ్లలో అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉంటారు. తమ రాత ఎవరు చదువుతారో తెలిశాక పిల్లల వాక్యాలే మారిపోయాయి.

'చెనిక్కాయలు'ను 'వేరుశనగ' అని దిద్దబోయి ఆగిపోయాను. ఆ నాన్నకు తెలిసిన మాట అదే కదా. పరీక్షలో ఏది రాయాలో విడిగా చెబుతున్నాను.

వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చి, హోంవర్కుకు, సెలవు కబుర్లకు వాడతాను. 2020లో బడులు మూసినప్పుడు మాకు అదే దిక్కయింది. రాయించడానికి మాత్రం పనికిరాలేదు. అక్కడ పెట్టిన రాత సాయంత్రానికి ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. బ్లాగులో అయితే కొత్తగా వచ్చిన పిల్లలు వాళ్ల అక్కలు, అన్నలు రాసినవి వెతుక్కుని చదువుతున్నారు.

ఒకసారి బహుమతి అందుకుంటున్న అమ్మాయి ఫోటో అడక్కుండా పెట్టేశాను. వాళ్లమ్మ బడికొచ్చి బాధపడింది. అప్పటికప్పుడే తీసేశాను. ఆ తర్వాత ముఖాలు కనిపించే ఫోటోలు, ఇంటిపేర్లు, ఊరి పేరు ఏవీ పెట్టడం లేదు. జూన్‌లోనే తల్లిదండ్రుల దగ్గర సంతకం తీసుకుంటాను. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు పెద్దల అనుమతి కావాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. కామెంట్లన్నీ నేను చూశాకే కనిపిస్తాయి, ఆ సెట్టింగ్ మొదటి రోజే పెట్టుకోండి.

శనివారం రెండు గంటలు ఇవ్వలేమనుకుంటే ఈ పని ఎత్తుకోకండి. నేను ట్రైనింగ్‌కి వెళ్లి నెల రోజులు కొత్త రాతలు పెట్టలేదు. తిరిగొచ్చేసరికి పిల్లలు రాయడం మానేశారు, మళ్లీ దారిలో పెట్టడానికి సంక్రాంతి దాకా పట్టింది.