టైటానిక్ కాలం నాటి ఫోటో ఆల్బమ్ కొంటున్నారా? జాగ్రత్త

పాత ఓడల ఫోటోలు సేకరించేవాళ్లకి, ముఖ్యంగా యూకేలో ఉన్న మనవాళ్లకి ఈ పోస్టు. ఆన్‌లైన్‌లో "బెల్‌ఫాస్ట్ షిప్‌యార్డ్, 1909–1912, ఒరిజినల్ ఆల్బమ్" అని కనబడితే డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగకుండా 180 పౌండ్లు కట్టేశాను.

అట్ట చూసే పడిపోయాను. అరిగిన తోలు, లోపల నల్లటి మందపాటి పేజీలు, తెరిస్తే పాత బీరువా వాసన. ఆల్బమ్ నిజంగానే పాతది. ఫోటోలే కొత్తవి.

అనుమానం మూడో పేజీలో మొదలైంది. తెల్ల సిరాతో "టైటానిక్ జలప్రవేశం, 31 మే 1911" అని రాసుంది. ఫోటోలో ఓడేమో లేత రంగులో ఉంది. బెల్‌ఫాస్ట్‌లో టైటానిక్‌ని కట్టిన హార్లాండ్ అండ్ వుల్ఫ్ వాళ్లు ఫోటోల్లో బాగా పడాలని లేత రంగు వేసి దించింది దాని జోడీ ఓడ ఒలింపిక్‌ని, 1910 అక్టోబర్ 20న. టైటానిక్ నీళ్లలోకి దిగింది నల్ల రంగుతోనే. పోనీలే, అప్పట్లో ఎవరో పొరబడి రాసుంటారని సర్దిచెప్పుకున్నాను. డబ్బు పెట్టాక మన మనసే అమ్మినవాడి తరఫు లాయరైపోతుంది.

తర్వాత ఒక ఫోటో మూల మెల్లగా లేపాను. కింద పేజీ మీద ఇంకా పెద్ద ఫోటో ఉన్న అచ్చు, చుట్టూ ఎండిన జిగురు మరకలు. పాతవి పీకేసి ఆ జాగాలో ఇవి అంటించారన్నమాట. నోట్లు చెక్ చేసే యూవీ టార్చి వేస్తే ఫోటోలన్నీ నీలంగా వెలిగాయి. ఫోటో కాగితంలో అలా వెలిగే రసాయనం కలపడం 1950ల ప్రాంతంలో గానీ మొదలవలేదు.

అందుకే కొనేముందు రెండు ఫోటోలు అడగండి: మూల లేపి కింద పేజీ కనబడేలా ఒకటి, చీకట్లో యూవీ వేసి ఒకటి. వెలగనంత మాత్రాన అసలుదని కాదు, వెలిగితే మాత్రం వదిలేయండి.

అమ్మినాయన జవాబు వినండి: "ఆల్బమ్ ఒరిజినల్ అన్నాను, ఫోటోలు అనలేదు కదా!" వారం వాదించాక వాపసు తీసుకున్నాడు, పోస్టేజీ నా నెత్తిన వేసి. లేత రంగు సంగతి కూడా వివరంగా రాసి పంపాను, నా తెలివి మండిపోను.

నిన్న అదే ఆల్బమ్ మళ్లీ అమ్మకానికి వచ్చింది. అట్ట మూల అదే చిరుగు. ధర 200 పౌండ్లు. మూడో పేజీలో మాత్రం ఇప్పుడు "ఒలింపిక్, 1910" అని ఉంది.