గంట కొట్టే పరీక్షా, మంచం పక్కన పరీక్షా: ఏది మేలు?

నర్స్ ప్రాక్టీషనర్ విద్యార్థికి పని వచ్చిందని ఎలా తేల్చాలి? నెల్లూరులో మేం నర్సింగ్ టీచర్లం నలుగురం కూడితే ఈ మాట రాక మానదు. క్రిటికల్ కేర్‌లో 2 ఏళ్లో, మిడ్‌వైఫరీలో (కాన్పుల పనిలో) 18 నెలలో చదివి బయటికొచ్చే ఈ పిల్లలు డాక్టరు పక్కన లేనప్పుడూ రోగిని చూసి అంచనా కట్టాలి. స్టాఫ్ నర్సుకు పెట్టే పరీక్షే వీళ్లకూ పెడితే చాలదు.

చేసిన పనులు రాసుకుని టీచరు సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్‌ను ముందే పక్కన పెట్టేస్తాను. నేను చదివిన కాలేజీలో ఆరు నెలల సంతకాలు ప్రాక్టికల్స్ ముందురోజు రాత్రి ఒకే పెన్నుతో పడ్డాయి. ఎన్ని చేశారో అది చెబుతుందేమో, ఎలా చేశారో చెప్పదు.

ఇక మిగిలినవి రెండు: గంట కొట్టే పరీక్ష ఓస్కీ, మంచం పక్కన పరీక్ష మినీ సీఈఎక్స్.

ఓస్కీని 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ పరిచయం చేశారు. వరసగా స్టేషన్లు, ఒక్కోచోట 5 నిమిషాలో 10 నిమిషాలో, గంట కొట్టగానే పక్కదానికి జరగాలి. ఒకచోట ఈసీజీ చదవాలి, ఒకచోట బొమ్మకు సక్షన్ చేయాలి (గొట్టంతో కఫం లాగాలి), ఇంకోచోట రోగిలా నటించే మనిషితో మాట్లాడాలి. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే చెక్‌లిస్టు. పాత పద్ధతిలో ఒకరికి తేలిక కేసు, ఇంకొకరికి మొండి కేసు పడేది. ఆ పీడ దీనితో వదిలింది. పైగా కాన్పయ్యాక ఆగని రక్తస్రావం లాంటిది పరీక్ష రోజే రావాలని కూర్చోలేం. వచ్చినా విద్యార్థి చేతిలో పెట్టి చూస్తూ ఉండలేం. అలాంటివాటికి బొమ్మే దిక్కు.

కానీ పిల్లలు చెక్‌లిస్టును బట్టీ పట్టేస్తారు. బొమ్మ ముందు నిలబడి "చేతులు కడుక్కున్నాను మేడమ్" అని గట్టిగా అంటే టిక్కు పడుతుంది. అలా టిక్కు పడిన అమ్మాయే మర్నాడు ఐసీయూలో నాలుగో మంచం నుంచి ఐదో మంచానికి నేరుగా వెళ్లింది. శానిటైజర్ సీసా ఆ రెండింటి మధ్యే ఉంది.

మినీ సీఈఎక్స్‌ను 1995లో అమెరికాలో జాన్ నార్సినీ బృందం డాక్టర్ల శిక్షణ కోసం ప్రకటించింది. నిజమైన రోగి, 15–20 నిమిషాలు, పక్కన నిలబడి చూసే టీచరు. 9 పాయింట్ల స్కేలు మీద మార్కు, అక్కడికక్కడే ఎక్కడ తప్పిందో చెప్పడం.

ఒకసారి కావలి వైపు రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండే పెద్దాయన్ని మా విద్యార్థి అడిగింది: "శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది ఉందా?" "ఏం లేదమ్మా" అన్నాడు. ఆమె రాసుకుంది, నావైపు చూసింది. నేను పలకలేదు. కాసేపాగి, "రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నావా తాతా?" అంది. "యాడ పడుకునేదమ్మా, రొప్పొస్తాది. మూడు రాత్రుళ్లు గోడకానుకోనే ఉండా." అప్పుడు దుప్పటి తీసి చీలమండ పైన వేలితో నొక్కింది. గుంట పడింది, ఒంట్లో నీరు చేరిందన్నమాట. నీళ్లు పోయే మాత్ర ఎప్పుడు ఆపేశావని అడిగింది. ఓస్కీలో నటించే మనిషైతే స్క్రిప్టు ప్రకారం మొదటి ప్రశ్నకే "ఆయాసం ఉంది" అనేవాడు.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నేను మంచం పక్కకే వెళ్తాను. పని ఎంత వచ్చిందో మెట్లుగా చూపుతూ 1990లో వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ గీసిన పిరమిడ్‌లో చేసి చూపడం మూడో మెట్టు, నిజంగా పనిలో చేయడం పై మెట్టు. ఓస్కీ మూడో మెట్టు దగ్గరే ఆగుతుంది. ఐసీయూలో అడుగుపెట్టనిచ్చే ముందు మాత్రం ఓస్కీ గట్టెక్కాల్సిందే, అందులో మొహమాటం లేదు.

అయితే ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. వేర్వేరు కేసుల్లో, వేర్వేరు మనుషులు చూడాలి. 12 మంది విద్యార్థులు, ఒక్కొక్కరిని 6 సార్లు, తర్వాత తప్పొప్పులు మాట్లాడటంతో కలిపి అరగంట చొప్పున లెక్కేస్తే 36 గంటలు. అంత టైం లేని కాలేజీ ఓస్కీతో సరిపెట్టుకోవడం నయం. చూడకుండానే నింపిన మినీ సీఈఎక్స్ ఫారం లాగ్‌బుక్ కన్నా ప్రమాదం.

ఇంకోటి, మన పిల్లేగా అని మార్కులేసేటప్పుడు చెయ్యి జారుతుంది. నేను 8 వేసిన అమ్మాయికే ఐసీయూ సీనియర్ సిస్టర్ 5 వేసింది. ఎందుకని అడిగితే, "మీరుంటే తాతా అంటాది, లేకపోతే బెడ్ నంబర్ తొమ్మిది అంటాది" అంది.