‘యాక్సెస్ పాయింట్’ అని నమ్మించి అంటగడుతున్న ఆ వైఫై పెట్టె జోలికి వెళ్లకండి

ఇంట్లో వెనక గదికి సిగ్నల్ అందడం లేదని రెండో వైఫై పెట్టె కొనాలనుకుంటున్న వారందరికీ ఇది హెచ్చరిక. ‘తీగ తగిలిస్తే చాలు, అన్నీ వాటంతటవే కుదురుకుంటాయి’ అన్న ప్రకటనతో అమ్ముతున్న ఆ తెల్ల పెట్టె సంగతే చెబుతున్నాను. నేను కొన్నప్పుడు ఆ ప్రకటనలో ‘యాక్సెస్ పాయింట్‌గా వాడుకోవచ్చు’ అని, అంటే పాత రౌటర్‌కు కలిపి వైఫై సిగ్నల్‌ను మరో గదికి అందించుకోవచ్చని కూడా ఉంది. అమ్ముతున్నది ఎవరో మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. దయచేసి ఆయన దగ్గర కొనకండి. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అయినా మరొకరి డబ్బు పోకముందే చెప్పాలని ఇప్పుడే రాస్తున్నాను.

పెట్టె వచ్చింది, వాళ్లిచ్చిన కాగితంలో ఉన్నట్టే పాత రౌటర్ నుంచి తీగ తెచ్చి తగిలించాను. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో గందరగోళం మొదలైంది. ఒక ఫోనులో నెట్ వస్తుంది, పక్కనే ఉన్న ఫోనులో రాదు. ల్యాప్‌టాప్ మూసి తెరిస్తే ఒకసారి పని చేస్తుంది, మరోసారి చేయదు. ప్రింటర్ ఉన్నట్టుండి మాయమవుతుంది. మా ఆవిడ ఆఫీసు సమావేశంలో మాట్లాడుతుండగానే మాట తెగిపోయింది.

అసలు ఏం జరుగుతోందో చెప్పకపోతే అమ్మకందారు చేసిన మోసం అర్థం కాదు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చినప్పుడు దానికి సొంత చిరునామా ఉండదు. అందుకని 0.0.0.0 అనే సున్నాల చిరునామాతో, 255.255.255.255కు, అంటే అక్కడున్న అన్ని పరికరాలకూ చేరేలా, ‘నాకు చిరునామా ఎవరిస్తారు?’ అని అడుగుతుంది. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్, అంటే చిరునామాలు పంచే భాగం, ‘192.168.1.23 ఖాళీగా ఉంది, తీసుకో’ అంటుంది. ‘అదే కావాలి’ అని కంప్యూటర్ కోరుతుంది, ‘ఇక అది నీదే’ అని రౌటర్ ఖాయం చేస్తుంది. బయటికి వెళ్లే దారి, అంటే గేట్‌వే ఏదో, వెబ్‌సైట్ల పేర్లను వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సర్వర్ ఏదో కూడా ఆ జవాబులోనే వస్తాయి. అంతా గడువు మీద ఇచ్చేదే. మామూలుగా సగం గడువు గడిచేసరికి కంప్యూటరే పొడిగింపు అడుగుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది కాబట్టే ఇంట్లో ఎవరికీ దీని ఊసే ఉండదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. చిన్న ఇంటి నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచే పని ఒక్క పెట్టే చేయాలి. యాక్సెస్ పాయింట్‌గా వాడే పెట్టె ఆ పని మానుకుని, సిగ్నల్ మాత్రం అందించాలి. ఈ పెట్టె మానుకోదు. పాత రౌటర్ 192.168.1తో మొదలయ్యే చిరునామాలు ఇస్తుంటే, ఇది 192.168.0తో మొదలయ్యేవి పంచుతూ, గేట్‌వేగా తన చిరునామానే చెబుతోంది. పాత రౌటర్ నుంచి తెచ్చిన తీగ దాని మామూలు పోర్టులో ఉంది, ఇంటర్నెట్ పోర్టు ఖాళీగా ఉంది, కాబట్టి దాని వెంట వెళ్లిన కంప్యూటర్‌కు బయటికి దారే లేదు. సాధారణంగా ముందు వచ్చిన జవాబునే కంప్యూటర్ తీసుకుంటుంది. ఎవరి జవాబు ముందు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అసలు ఎవరూ జవాబివ్వకపోతే విండోస్ 169.254తో మొదలయ్యే చిరునామాను తానే పెట్టుకుంటుంది, అది చూడగానే లోపం ఎక్కడో తెలిసిపోతుంది. ఇక్కడ చిరునామా చక్కగానే ఉంటుంది, వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ ఒక్కటే ఉండదు.

పెట్టె సెట్టింగులలో డీహెచ్‌సీపీని ఆపే మీట ఉంది. ఆపి, భద్రపరిచి, పెట్టెను రీస్టార్ట్ చేసి చూస్తే అది మళ్లీ ఆన్‌లో ఉంది! ఎన్నిసార్లు ఆపినా అంతే.

అమ్మకందారుకు రాస్తే మొదట మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఫార్మాట్ చేయించండి అన్నాడు. కంప్యూటర్ చిరునామా వివరాలు చూపే ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ (ipconfig /all) ఆదేశం ఇచ్చి, డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుసలో ఆయన పెట్టె చిరునామా 192.168.0.1 కనబడుతున్న తెరను ఫొటో తీసి పంపాను. దానికి వచ్చిన జవాబు ఇది: ‘వాడుకోవడం రానివాళ్లు మా సరుకు కొనకండి. ప్రతి పరికరంలో చిరునామా చేత్తో పెట్టుకోండి.’ ఇంట్లో ప్రతి ఫోనుకూ, టీవీకీ, ప్రింటర్‌కూ, వచ్చే ప్రతి చుట్టానికీ నేను చేత్తో చిరునామాలు రాసిపెట్టాలట! డీహెచ్‌సీపీ 1993లో తొలిసారి ప్రమాణంగా వెలువడింది, 1997 నాటి రూపమే నేటికీ దానికి ఆధారం. నెట్‌వర్క్ సామాన్లు అమ్మేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

మాటలు పడ్డానంటే పడ్డాను. ఆ తర్వాత చేసినదే నేను క్షమించలేనిది. డబ్బు వాపసు కోసం ఫిర్యాదు పెట్టి, ఆధారం కోసం ప్రకటన మళ్లీ తెరిచాను. ‘యాక్సెస్ పాయింట్‌గా వాడుకోవచ్చు’ అన్న వాక్యం అక్కడ లేదు. పై వాక్యం ఉంది, కింది వాక్యం ఉంది, ఆ ఒక్కటే తీసేశాడు. ప్రకటనలో లేని సౌకర్యం కోరుతున్నానంటూ నా ఫిర్యాదును కొట్టేశారు. తన వస్తువులో లోపం ఉందని తెలిసిన మనిషే ఆ వాక్యాన్ని వెతికి మరీ చెరిపేస్తాడు.

ఇది నెట్ రావడం, రాకపోవడంతో ఆగే విషయం కాదు. చిరునామాలు పంచే పెట్టే డీఎన్‌ఎస్‌ను కూడా నిర్ణయిస్తుంది. 2011లో బయటపడ్డ డీఎన్‌ఎస్‌ఛేంజర్ ముఠా కంప్యూటర్లలో డీఎన్‌ఎస్‌ను మార్చడం ద్వారానే లక్షలాది మందిని తప్పుడు సర్వర్ల వైపు మళ్లించింది. మన మాట వినని పెట్టె చేతిలో ఆ పని పెట్టకూడదు.

కొనేముందు డీహెచ్‌సీపీ నిజంగా ఆగుతుందా అని రాతపూర్వకంగా అడగండి, ప్రకటనను తేదీతో సహా ఫొటో తీసి ఉంచుకోండి. ఈ పెట్టె ఇప్పటికే కొన్నవారు డీహెచ్‌సీపీ ఆపి, కరెంటు తీసి మళ్లీ పెట్టి చూడండి. మీట తిరిగి ఆన్ అయితే వాపసు గడువు దాటకముందే ఫిర్యాదు చేయండి.