పాత పికప్ మీద స్టిక్కర్లు తీసే రబ్బర్ వీల్: రెండు వేసవులు వాడిన తర్వాత

నా సామాన్ల పెట్టెలో ఉన్నవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డ్రిల్ మిషనుకు బిగించే ఈ రబ్బర్ వీల్. పెయింటు మీద ఎండిపోయిన స్టిక్కరును తింటుంది, కింద పెయింటును ముట్టుకోదు. ఈ ఒక్క గుణానికే దీని గురించి రాయాలనిపించింది. ఆ రెండో మాటకు ఒక షరతు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నాది తెల్ల పికప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎక్కువగా పొదలకూరు మార్కెట్‌కు నిమ్మకాయల బస్తాలు తోలుతుంటాను. బండి రోజంతా ఎండలోనే నిలబడుతుంది. నెల్లూరు రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో ఈ పక్క వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తలుపు నుంచి వెనక్కి సాగే నీలం, బూడిద రంగు కంపెనీ చారలు ఆ ఎండకు చేప పొలుసుల్లా పగిలి లేచాయి. బండి కడిగిన ప్రతిసారీ గుడ్డకు తగులుకుని ఇంకో నాలుగు ముక్కలు రాలేవి. ఇంజను ఎంత బాగున్నా చూసేవాళ్లకు అది ముసలి బండే. కిరాయికి పిలవడానికి వచ్చినవాళ్లు ముందు ఆ పక్కకే చూసేవాళ్లు.

స్టిక్కరు కొత్తగా ఉంటే ఇంత గొడవ లేదు. హెయిర్ డ్రయ్యరుతో చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి చూపించి, ఒక మూల లేపి, పెయింటుకు దగ్గరగా మడిచి మెల్లగా లాగితే చారంతా ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. పాతబడ్డాక కథ వేరు. ఈ స్టిక్కర్లు వినైల్ పొరలు. పొరను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే పదార్థం ఎండకూ వేడికీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. మెత్తదనం పోయాక పొర పెళుసెక్కుతుంది, వేడి చేసి లాగినా గోరంత ముక్కలుగా విరుగుతుంది. జిగురు మాత్రం పెయింటునే పట్టుకుని ఉంటుంది. నా బండికి డ్రయ్యరు పట్టి సాయంత్రమంతా కూర్చుంటే జానెడు చార రాలేదు. బ్లేడుతో గీకమన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోలేదు. బ్లేడు గీత పడితే అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో అది ఆగేది కాదు.

అప్పుడు దొరికింది ఈ వీల్. చూడటానికి చపాతీ అంత కూడా ఉండదు, మట్టి రంగులో ఉంటుంది, మధ్యలో ఇనుప కడ్డీ. వెయ్యి రూపాయల లోపే వచ్చింది. కుడివైపు తలుపు మీద మొదలుపెట్టాను. ట్రిగ్గరు మెల్లగా నొక్కి, వీల్ అంచును చార మీద ఆనించీ ఆనించకుండా పెట్టగానే నీలం పొర, దాని కింద జిగురు, రెండూ కలిసి ముద్దలై కింద రాలాయి. వెనక మిగిలింది మెరిసే తెలుపు. కొన్నప్పటి నుంచి నా బండి మీద ఎక్కడా చూడని తెలుపు అది. చారల కింద ఎండ తగలకుండా దాగిన కంపెనీ పెయింటు. నేను డ్రిల్ ఆపి చేత్తో తడిమి చూశాను, గాజు మీద తడిమినట్టే ఉంది. మా ఆవిడను పిలిచి చూపించాను. మధ్యాహ్నానికి కుడిపక్కంతా అయిపోయింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

పని చేసే తీరు గురించి ముఖ్యమైనది ఒక్కటే: వేడి. రబ్బరు రాపిడికి పెయింటు కాలుతుంది, అందుకని వీల్‌ను ఒక చోట నిలపకూడదు, అటూ ఇటూ కదులుతూనే ఉండాలి. మధ్యమధ్యలో అరచెయ్యి పెట్టి చూసుకోవాలి. నా డ్రిల్ నిమిషానికి 3,000 చుట్ల లోపు తిరిగే మామూలుది. ఇలాంటి వీల్స్ మీద సాధారణంగా 4,000 దాటకూడదని ముద్రించి ఉంటుంది. ఆంగిల్ గ్రైండర్ 10,000 పైనే తిరుగుతుంది, దానికి దీన్ని బిగించడం కళ్లకూ చేతులకూ ప్రమాదం. రబ్బరు పొడి వేడిగా ఎగిరి ముఖాన కొడుతుంది, కాబట్టి కళ్లద్దాలు, మూతికి గుడ్డ తప్పనిసరి. పొడి వాసన బట్టలకు పట్టి రెండు ఉతుకుల దాకా పోదు.

ఇక ఎడమ తలుపు.

ఆ పక్క చార కుడివైపంత పగల్లేదు. అంచులు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఇది తేలిగ్గా వస్తుందనుకున్నాను. వీల్ పెట్టిన కాసేపటికి స్టిక్కరుతో పాటు తెల్లగా ఇంకేదో చుట్టలు చుట్టుకుని లేచింది. వెంటనే చెయ్యి తీశాను. రూపాయి బిళ్ల అంత మేర పెయింటు పోయి కింద బూడిద రంగు ప్రైమరు, దాని కింద లేత పసుపు పుట్టీ కనిపించాయి. కుడివైపు పట్టినంత నెమ్మదిగానే ఇక్కడా పట్టాను. అదే డ్రిల్, అదే వీల్, అదే చెయ్యి.

నెల్లూరు ఆటోనగర్‌లో తెలిసిన పెయింటరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన తలుపు మీద వేలితో కొట్టి శబ్దం విన్నాడు. "ఈ తలుపుకి ముందే ఒకసారి పని జరిగుండాది అనా. గుద్దుకుని సొట్టపడితే పుట్టీ పెట్టి లోకల్ పెయింటు కొట్టినారు. స్టిక్కరు కూడా తర్వాత అతికించిందే," అన్నాడు. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి కుడి తలుపుకు పెట్టాడు, పట్టుకుంది. ఎడమ తలుపు మధ్యలో పెట్టాడు, జారి కింద పడింది. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతానికి ఇనుము అందదు.

బండి అమ్మినాయన నాతో అన్న మాట "గీత కూడా పడని బండి". ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. ధర విషయంలో కాదు. గుద్దుకున్న తలుపుకు అదే కంపెనీ డిజైను స్టిక్కరు తెచ్చి, పని జరిగిన చోటును కప్పి, నా ముందు నిలబడి అలా చెప్పడం తప్పు. కొనేవాడు ఆ బండి మీద పిల్లల్నీ ఎక్కిస్తాడు. ఎక్కడ ఎంత గుద్దుకుందో తెలుసుకునే హక్కు అతనికి ఉంది.

పెయింటరు చెప్పిన కారణం నాకు బాగా అర్థమైంది. కంపెనీలో పెయింటును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, అది ఇనుముకు అంటుకుని గట్టిపడుతుంది. షెడ్డులో అంత వేడి చేయలేరు. సీట్లు, రబ్బర్లు, వైర్లు బండిలోనే ఉంటాయి కదా. పెయింటు ఆరబెట్టే మూసిన గది, అంటే బూత్, ఉన్నచోట 60, 70 డిగ్రీలు, లేనిచోట ఎండే. కంపెనీ పెయింటు తట్టుకున్న రాపిడి వేడికి ఈ పెయింటు మెత్తబడి లేచిపోతుంది. అంటే ఈ వీల్ పెయింటును ముట్టుకోదనే మాట కంపెనీ పెయింటు వరకే నిజం. సెకండ్ హ్యాండ్ బండి అయితే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. రెండు పక్కల చారలూ ఒకేలా ముసలివి అయ్యాయో లేదో చూడండి, ఒక పక్క పగిలి ఇంకో పక్క మెత్తగా ఉంటే అనుమానించాల్సిందే. తలుపు కీలు బోల్టుల మీద పెయింటు చిట్లి ఉన్నా, రబ్బరు అంచులకు పెయింటు తుంపర అంటి ఉన్నా అంతే. అలాంటి పలక మీద డ్రయ్యరుతో ఓపిగ్గా తీయడమే మేలు.

వీల్‌తో చార తీసిన తర్వాత మిగిలే జిగురు మరకలకు మొదట్లో అందరూ పెట్రోలు అంటారు. డ్రిల్ మోటారు నిప్పురవ్వలు ఉన్నచోట పెట్రోలు గుడ్డ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కొబ్బరినూనె రాసి కాసేపు వదిలితే జిగురు మెత్తబడుతుంది, తర్వాత సబ్బు నీళ్లతో జిడ్డు కడగాలి. థిన్నరు మాత్రం షెడ్డు పెయింటు ఉన్న తలుపు దగ్గరికే రానివ్వకూడదు, ఆ పెయింటును కరిగించేస్తుంది.

చార తీసినా చార నీడ ఉంటుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. చుట్టూ పెయింటు ఎండకు మాసి, చార కింద పెయింటు కొత్తగా ఉండటం వల్ల పొద్దున ఏటవాలు వెలుతురులో డిజైను మొత్తం అలాగే కనిపిస్తుంది. కాంపౌండు (పెయింటును సన్నగా అరగదీసే పేస్టు) పెట్టి రబ్బింగ్ చేస్తే తగ్గింది, పూర్తిగా పోలేదు. మళ్లీ మళ్లీ రబ్బింగ్ చేయడానికీ లేదు. కంపెనీ పెయింటు మొత్తం మందం 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), రుద్దిన ప్రతిసారీ కొంత పోతుంది. రెండో వేసవి ఎండ తగిలాక తేడా ఇంకొంచెం కలిసిపోయింది. తెలుపు కాబట్టి సరిపోయింది.

వీల్ మన్నిక మీద మొదట్లో నేను చుట్టుపక్కల వాళ్లకు చెప్పిన గొప్పను కూడా కొంచెం తగ్గించుకోవాలి. నా బండి వరకు బాగా వచ్చింది. తర్వాత తమ్ముడి బండికి వాడితే సగంలోనే చిన్నదైపోయింది. వీల్ చిన్నదయ్యే కొద్దీ అంచు వేగం తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది. గట్టిగా నొక్కాలనిపిస్తుంది, నొక్కితే వేడి. ఇంకోటి కొన్నాం. దాన్ని బండి పెట్టెలో ఎండకు వదిలితే రెండో వేసవికి రబ్బరు గట్టిపడి పెయింటు మీద మట్టిరంగు గీతలు వేసింది. ఇప్పుడు ఇంట్లో నీడన పెడుతున్నాను.

నా లెక్క నాది: తెల్ల బండి, పని లేని రోజు చేతిలో ఉంటుంది, డ్రిల్ ముందే ఉంది. అందుకే ఇది నాకు గిట్టింది. ఒక్క తలుపు మీద చిన్న బొమ్మ తీయాలంటే షెడ్డుకు ఇచ్చినా పెద్ద ఖర్చు కాదు. కిరాయి బండ్ల వాళ్లు చారలు తీసే ఊపులో పక్కలకీ వెనకా ఉన్న రిఫ్లెక్టర్ టేపును తీయకండి, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు అది చూస్తారు. ఎడమ తలుపుకు మళ్లీ పెయింటు కొట్టించాను, స్టిక్కరు అతికించలేదు. మా బావది ఎర్ర పికప్, వీల్ అడుగుతున్నాడు. ఎరుపు ఎండకు బాగా మాసిపోతుంది, చార నీడ దాని మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెనక డోరు మూలన కనిపించని చోట కొంచెం తీసి, కాంపౌండు పెట్టి, ఆ తేడా నీకు సమ్మతమైతేనే మిగతాది చేద్దాం అన్నాను.