డ్రాసిరా తొట్టికి మామూలు ఎల్‌ఈడీ బ్యాటెన్లు: అనంతపురంలో దీర్ఘకాలం వాడిన తర్వాత

ఇంటి లోపల గాజు తొట్టిలో కీటకాహార మొక్కలను పెంచాలనుకునే వారికి మట్టి, నీరు, తేమ గురించి సలహాలు చాలా దొరుకుతాయి కానీ, లైటు దగ్గరికి వచ్చేసరికి ఎవరి మాట వారిదే. కొన్నేళ్లుగా నేను వాడుతున్నవి సుభాష్ రోడ్డులో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే ట్యూబ్‌లైటులా పొడవుగా ఉండే రెండడుగుల, 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు. 6500 కెల్విన్ల తెల్లని కాంతినిచ్చే ఆ బ్యాటెన్లు మూడింటిని, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అక్వేరియం తొట్టి పైన ఒకదాని పక్కన ఒకటి బిగించాను. తొట్టిలో ఆకుల మీది జిగురు బొట్లతో పురుగులను పట్టే డ్రాసిరా బర్మాని, డ్రాసిరా కేపెన్సిస్, మెక్సికోకు చెందిన ఒక పింగ్విక్యులా, మూలల్లో సన్నటి తిత్తులతో పురుగులను పట్టే యుట్రిక్యులేరియా శాండర్సోనై ఉన్నాయి. మొక్కల కోసమే ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పి అమ్మే గులాబీ రంగు గ్రో లైట్లను కూడా ఇదే తొట్టి మీద చాలాకాలం వాడి చూశాను. ఈ పరిమాణపు తొట్టికి మామూలు తెల్లని బ్యాటెన్లే మేలని నా దృఢమైన అభిప్రాయం. అయితే ఏ లైటు కొన్నామన్న దానికంటే, దాన్ని ఎంత ఎత్తులో పెట్టాము, ఏ వేళల్లో వెలిగించాము అన్నదే మన ఊళ్లో ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

గదిలో వెలుతురు బాగానే ఉందని కంటికి అనిపిస్తుంది కాబట్టి చాలామంది విడిగా లైటు ఎందుకని అడుగుతారు. కన్ను ఎంత తక్కువ వెలుతురుకైనా సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట పడే ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురు కొలత) ఉంటే, ట్యూబ్‌లైటు వెలుగుతున్న గదిలో బల్ల మీద పడేది కొన్ని వందల లక్స్ మాత్రమే. మన దేశంలో సహజంగా పెరిగే డ్రాసిరా బర్మాని, డ్రాసిరా ఇండికా రెండూ నీడ లేని తడి ఇసుక నేలల్లో, పొట్టి గడ్డి మధ్య ఎండను నేరుగా తీసుకుంటూ బతికే మొక్కలు. పోనీ కిటికీలో పెడదామంటే, రాయలసీమ ఎండకు మూత వేసిన గాజు తొట్టిలో వేడి బయటికి పోయే దారి లేక మొక్కలు ఉడికిపోతాయి. అందువల్ల ఎండ నేరుగా పడని గది, దానిలో మనం ఏర్పాటు చేసుకున్న వెలుగు, ఈ రెండూ ఉంటే తప్ప ఇక్కడ ఈ మొక్కలు నిలవవు.

అన్నిటికంటే ముందు చూడవలసింది దూరం. పొడవైన ట్యూబుకు దగ్గరలో ఉన్నంతవరకు, దూరం రెట్టింపైతే వెలుగు సుమారు సగానికి పడిపోతుంది. అదే చిన్న బల్బు అయితే నాలుగో వంతుకు పడిపోతుంది. నా తొట్టిలో మొక్కకూ బ్యాటెన్‌కూ మధ్య 15 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, మధ్యభాగంలో వెలుతురు కొలిచే ఫోన్ యాప్ తొమ్మిది వేల లక్స్ దాకా చూపిస్తుంది. 30 సెంటీమీటర్ల దగ్గర అది ఐదు వేలు కూడా దాటదు. ఫోన్ కొలత అంత కచ్చితమైనది కాదు, ఒక ఫోన్‌కూ మరో ఫోన్‌కూ తేడా వస్తుంది, కానీ ఒకే ఫోన్‌తో రెండు చోట్ల కొలిచి పోల్చుకోవడానికి అది చక్కగా పనికివస్తుంది. లైటును కిందికి దించడం కుదరని చోట మొక్కలనే పైకి లేపాలి. నేను ప్లాస్టిక్ డబ్బాలను బోర్లించి, వాటి మీద కుండీలు పెట్టాను. తొట్టికి వెనుక, రెండు పక్కలా తెల్లని ఫోమ్ షీటు అంటించడం వల్ల బయటికి పోయే వెలుగు తిరిగి లోపలికి మళ్లి, మూలల్లో కొలత స్పష్టంగా పెరిగింది. అయినా మూలలు మధ్యభాగానికి సాటి రావు. అందుకే కాస్త తక్కువ వెలుగుతో సర్దుకునే యుట్రిక్యులేరియాను మూలల్లో, పింగ్విక్యులాను పక్కగా ఉంచి, నడుమ భాగమంతా డ్రాసిరాలకే ఇచ్చాను.

ఈ వెలుగు ఎండలో పదో వంతే కాబట్టి, ఆ లోటును గంటలతో పూడ్చాలి. రోజుకు 14 గంటలు నాకు సరిపోయింది. 12 గంటలకు తగ్గించినప్పుడు కేపెన్సిస్ ఆకుల మీది ఎరుపు కొద్ది వారాల్లోనే పలచబడింది.

వెలుగు చాలుతోందో లేదో తెలుసుకోవడానికి యాప్ కంటే బర్మాని ఆకే నమ్మకమైన సాక్షి. చాలినంత వెలుగు ఉన్న మొక్క రూపాయి బిళ్లంత వెడల్పుతో మట్టికి అంటుకుని పెరుగుతుంది; ఆకులు పొట్టిగా గరిటె ఆకారంలో ఉండి, ఆకు మధ్య భాగం పసుపుపచ్చగా, అంచుల్లోని పొడవాటి కేశాలు ఎర్రగా మారి, ప్రతి కేశం కొసనా జిగురు బొట్టు మెరుస్తూ కనబడుతుంది. అలాంటి ఆకు మీద చిన్న దోమ వాలితే అంచు కేశాలు కొన్ని క్షణాల్లోనే దాన్ని లోపలికి వంచుతాయి. వెలుగు తగ్గిన మొక్కలో మొదట ఎరుపు పోతుంది, తర్వాత కొత్త ఆకుల కాడలు సాగి పైకి లేస్తాయి, ఆ తర్వాత జిగురు తగ్గుతుంది. దోమ వాలి, నడిచి, ఎగిరిపోయిందంటే ఆ మొక్క అప్పటికే చాలా రోజులుగా వెలుగు లేక బాధపడుతోందని అర్థం. ఒకసారి సాగిన ఆకు తిరిగి పొట్టిది కాదు కాబట్టి, లైటు సరిచేశాక పాత ఆకులను కాకుండా కొత్తగా విచ్చుకునే వాటినే చూడాలి.

ఇక గులాబీ రంగు గ్రో లైట్లు. ఎరుపు, నీలం కాంతులతో మొక్కలు బాగా పెరుగుతాయన్న మాట నిజమే, వాటి కింద నా మొక్కలు చావలేదు కూడా. నా అభ్యంతరాలు వేరు. ఆ కాంతిలో ఆకు అసలు రంగు తెలియదు; పైన చెప్పిన ఎరుపు, పాలిపోవడం, బూజు మొదలవడం, ఇవేవీ కంటికి అందవు. రంగును చూసి ఆరోగ్యం తెలుసుకోవలసిన మొక్కల విషయంలో ఇది చిన్న లోపం కాదు. రెండోది వాటేజీ. నేను కొన్న క్లిప్పు లైటు పెట్టె మీద 80 వాట్లని ఉంది, కానీ అది పనిచేసేది 5 వోల్టుల, 2 ఆంపియర్ల యూఎస్‌బీ అడాప్టరు మీద. 5ను 2తో గుణిస్తే వచ్చేది 10 వాట్లే కదా! కాబట్టి పెట్టె మీది పెద్ద అంకెను చూసి కాకుండా, అడాప్టరు మీది చిన్న అక్షరాలను చదివి కొనాలి. ఇంకొక మాట: లక్స్ అనేది మనిషి కంటి స్పందనను బట్టి చేసిన కొలత కాబట్టి గులాబీ లైటు కింద అది తక్కువగా చూపిస్తుంది. ఆ అంకెను తెల్లని లైటు అంకెతో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అనంతపురం వాళ్లకు అసలైన పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఫ్యాను తిరిగే గదిలో కూడా మధ్యాహ్నం 36, 37 డిగ్రీలు ఉంటుంది. ఆ సమయంలో పైన 30 వాట్ల లైట్లు వెలుగుతుంటే తొట్టి లోపల మరో నాలుగైదు డిగ్రీలు పెరగడం నేను థర్మామీటరు పెట్టి చూశాను. మన నేల మొక్క బర్మాని దీన్ని ఓర్చుకుంటుంది కానీ, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం నుంచి వచ్చిన కేపెన్సిస్ ఆకుల మీద జిగురు ఎండిపోతుంది. దీనికి నాకు దొరికిన పరిష్కారం, మొక్కలకు రాత్రిని పగలు చేయడం. మార్చి చివరి నుంచి సాయంత్రం ఆరింటికి లైట్లు వెలిగి, ఉదయం ఎనిమిదింటికి ఆరిపోతాయి. పగలు కిటికీకి దళసరి తెర వేస్తే ఆ పది గంటలే మొక్కకు రాత్రి. లైట్ల వేడి, ఎండ వేడి ఒకదాని మీద ఒకటి పడవు. అనంతపురంలో వేసవి రాత్రులు పగటి కంటే చాలా చల్లబడతాయి కాబట్టి, కిటికీ తెరిచి ఉంచితే తొట్టిలో ఉష్ణోగ్రత 30కి అటూ ఇటూ నిలుస్తుంది. వేళలను ఒక్కసారిగా మార్చకుండా, రోజుకు గంటో రెండు గంటలో జరుపుతూ వెళ్లడం మంచిది. బ్యాటెన్‌కూ గాజు మూతకూ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచి, గాలి ఆడనివ్వాలి. చలికాలంలో మళ్లీ పగటి వేళలకు మారుస్తాను. రాత్రి వెలిగించడం వల్ల మరో లాభం కూడా కలిగింది. తొలకరి వానల తర్వాత లైటుకు చేరే సన్నటి పురుగులు, మూత కాస్త పక్కకు జరిపి ఉంచితే వాటంతట అవే మొక్కలకు ఆహారమవుతాయి.

టైమరు లేకుండా ఈ పద్ధతి నడవదు. ముల్లు తిరిగే చవక టైమరు కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయి, అంతసేపు వెనకబడుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకుంటే ఆ బాధ ఉండదు. ఒక పూట కరెంటు లేకపోతే మొక్కలకేమీ కాదు, దాని కోసం ఇన్వర్టరుకు కలపనవసరం లేదు. ఉరుముల వాన పడ్డ ఒక రాత్రి ఒక బ్యాటెన్ డ్రైవరు (లోపల ఎల్‌ఈడీకి తగిన కరెంటునిచ్చే భాగం) కాలిపోయింది. మూడింటికీ విడివిడి వైరింగు ఉండటం వల్ల మిగిలిన రెండూ వెలుగుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి కరెంటు హెచ్చుదల నుంచి కాపాడే స్పైక్ గార్డు వాడుతున్నాను. తేమ ఉన్న చోట కరెంటు పని కాబట్టి బ్యాటెన్‌ను ఎప్పుడూ గాజు మూతకు పైనే ఉంచాలి, తొట్టి లోపల బిగించకూడదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలికి ఎర్రమట్టి దుమ్ము లైటు మీదా, గాజు మూత మీదా పొరగా పేరుకుంటుంది. ఆ రోజుల్లో వారానికోసారి తుడవకపోతే కొలతలో తేడా తెలిసిపోతుంది.

మొక్క నీరసించిన ప్రతిసారీ లైటును తప్పు పట్టకూడదు. మా ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 50కి లోపు ఉన్న నీరు, అంటే వాన నీరో డిస్టిల్డ్ వాటరో, కొలిచి చూసిన ఆర్వో నీరో పోయకపోతే, ఎంత మంచి లైటు పెట్టినా ఆకులు అంచుల నుంచి నల్లబడతాయి.

ఈ లైట్లకు పరిమితులున్నాయి. పురుగు వాలితే ఆకు మూసుకునే వీనస్ ఫ్లైట్రాప్ వీటి కింద పెరుగుతుందని ఆశించవద్దు. దానికి ఇంతకంటే చాలా ఎక్కువ వెలుగు కావాలి, పైగా అమెరికాలోని కరోలినా ప్రాంతంలో లాగా కొన్ని నెలల చలి విశ్రాంతి కావాలి. డ్రాసిరా ఇండికా మొలిచింది కానీ, నిటారుగా ఎదిగే మొక్క కావడంతో పొడవు పెరిగి ఒరిగిపోయింది. బర్మాని మాత్రం పూలు పూసి, గింజలు రాల్చి, తనంతట తానే మళ్లీ మళ్లీ మొలుస్తోంది. అది ఎక్కువకాలం బతికే మొక్క కాదు కాబట్టి, ఇలా గింజల నుంచి తరం తర్వాత తరం నిలవడానికే ఈ లైట్లకు నేనిచ్చే మెప్పులో పెద్ద వాటా.

ఖర్చు చూస్తే, 30 వాట్లు రోజుకు 14 గంటల చొప్పున నెలకు పన్నెండున్నర యూనిట్లు అవుతాయి. పెట్టె మీద 25,000 గంటల ఆయుష్షు అని ఉన్నా, ఏడాదికి ఐదు వేల గంటలకు పైగా వెలిగే చోట, ఈ వేడిలో, డయోడ్ల కంటే ముందు డ్రైవరే పోతుంది. బ్యాటెన్ వెనుక కొన్న తేదీ రాసి, తుడిచాక కూడా కొలత మూడో వంతు తగ్గిన వెంటనే, అది ఇంకా వెలుగుతున్నా సరే మారుస్తున్నాను. తీసిన దాన్ని వంటింటి గట్టు పైన బిగిస్తే అక్కడ ఇంకా చాలాకాలం పనిచేస్తుంది.