ముంపు గుమ్మాలను కోసిన బ్యాటరీ రంపం: మూడేళ్ల వాడకం తరువాత

విజయవాడలో పాత ఇళ్లకు మరమ్మతులు చేసే నేను, 18 వోల్టుల బ్యాటరీతో నడిచే రెసిప్రొకేటింగ్ రంపాన్ని (బ్లేడు ముందుకూ వెనక్కూ కదులుతూ కోసే రంపం) మూడేళ్లుగా వాడుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీట మునిగిన తరువాత, ఉబ్బిపోయి తలుపు పట్టని గుమ్మాలను ఊడదీసే పని వరుసగా వచ్చింది. కరెంటు ఇంకా రాని ఇళ్లలో ఈ రంపమే పని నడిపించింది.

గుమ్మాన్ని గోడలో పట్టి ఉంచేవి హోల్డ్‌ఫాస్టులు అనే ఇనుప పట్టీలు. పలుగుతో పెరికితే చుట్టూ ఇటుకలు, ప్లాస్టరింగు కూడా రాలిపోతాయి. అదే గుమ్మానికీ గోడకూ మధ్య సందులోని సిమెంటును గీకి, బ్లేడును దూర్చి ఆ ఇనుప పట్టీలను కోస్తే, గుమ్మం గోడను వదిలి నెమ్మదిగా ముందుకు ఒరుగుతుంది.

అయితే మన ఇళ్లలో స్విచ్‌బోర్డు సాధారణంగా గుమ్మం పక్కనే ఉంటుంది, దాని వైర్ల పైపు గోడ లోపల ఆ దరిదాపుల్లోనే వెళ్తుంది. మెయిన్ ఆపితే చాలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపిన తరువాత కూడా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది కాబట్టి, దాన్ని కూడా ఆపించి, టెస్టర్‌తో చూసుకున్నాకే నేను బ్లేడు పెడతాను. ఈ విషయంలో ఇంటివారి మాట మీద ఆధారపడను.

బ్లేడు మార్చేటప్పుడు బ్యాటరీని తప్పనిసరిగా తీసివేయాలి. ఇనుము కోసిన బ్లేడు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, కాబట్టి చేతితొడుగు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. కొత్త బ్లేడు బిగించాక ఒకసారి గట్టిగా లాగి చూడాలి. చెక్కకు అంగుళానికి 6 పళ్లున్నది, ఇనుముకు 14 నుంచి 18 పళ్లున్నది వాడుతాను. మేకులు దాగి ఉండే పాత కలపకు 10 పళ్ల బైమెటల్ (రెండు రకాల లోహం కలిపి చేసిన) బ్లేడు మేలు. ఇనుము మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆని ఉండాలి, లేకపోతే అవి విరుగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం ముందుభాగంలోని షూ, అంటే బ్లేడు మొదట్లో ఉండే ఆనుడు పలక. దాన్ని కోసే వస్తువుకు గట్టిగా ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, అప్పుడే ట్రిగ్గర్ నొక్కాలి. మొదటి సంవత్సరం, గోడలో పాతిన అల్మారా పలకను కోస్తూ నేను షూను రెండంగుళాల దూరంలో ఉంచాను. 12 అంగుళాల బ్లేడు కొన వెనకనున్న కాంక్రీటుకు తగలగానే రంపం మొత్తం నా మీదికి తన్నింది; బ్లేడు కొడవలిలా వంగిపోయింది, నా కుడి మణికట్టు వారం రోజులు వాచి ఉంది. అప్పటి నుంచి వెనక ఎంత ఖాళీ ఉందో పుల్లతో కొలిచి, దానికి తగిన పొడవు బ్లేడునే ఎంచుకుంటున్నాను. మరీ పొట్టి బ్లేడూ ప్రమాదమే: వెనక్కి వచ్చినప్పుడు కొన వస్తువు లోపలే ఉండిపోతే, ముందుకు వెళ్లేటప్పుడు గుద్దుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. అరగంట ఆపకుండా కోస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, నునుపైన కోత దీనితో సాధ్యం కాదు. మే నెలలో డాబా మీద ఎండలో వదిలేసిన బ్యాటరీని ఛార్జర్ తీసుకోలేదు. నీడలో గంటసేపు చల్లారాకే ఛార్జింగ్ మొదలైంది. ఇప్పుడు వేసవిలో బ్యాటరీలను మెట్ల కింద నీడలో ఉంచుతున్నాను.